గిటార్ బిల్లు మీద పూత పేరు కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవుల్లో పిల్లలకు గిటార్ కొనాలనుకునే తల్లిదండ్రుల కోసం మీ జిల్లా పేజీలో వచ్చిన కథనం చదివాను. చెక్క గురించి, తీగల గురించి, ధర గురించి, పిల్లల చేతికి సరిపోయే సైజు గురించి చక్కగా రాశారు. ఒక్క ముఖ్యమైన విషయం మాత్రం అందులో లేదు. ఆ గిటార్ మీద ఏ పూత వేశారో కొనేటప్పుడే అడిగి తెలుసుకోవాలి. ఈ మాట ఎవరూ చెప్పడం లేదు. దుకాణంలో అడిగితే "పాలిష్ ఉంది కదా" అంటారు. పెట్టె మీద చూస్తే ఉండదు, బిల్లులో అసలే ఉండదు. అది లేకపోవడం వల్ల మంచి గిటార్లు ఎలా పాడవుతున్నాయో రోజూ చూస్తున్నవాణ్ని కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను కాజీపేటలో కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేసే షెడ్డు నడుపుతాను. మా వైపు రైల్వే కాలనీల్లో, ఫాతిమానగర్ చుట్టుపక్కల చర్చిల్లో గిటార్ వాయించేవాళ్లు ఎప్పటి నుంచో ఉన్నారు. ఒకసారి క్వయర్ పిల్లలు గీతలు పడ్డ గిటార్ పట్టుకొచ్చి, "అన్నా, కారుకు చేసినట్టే దీనికి కూడా జర రబ్బింగ్ చేసి ఇయ్యవా" అని అడిగారు. అప్పటి నుంచి ఒకరిని చూసి ఒకరు వస్తున్నారు. నిట్ హాస్టల్ పిల్లలు, కాకతీయ యూనివర్సిటీ వాళ్లు, మంచిర్యాల, పెద్దపల్లి నుంచి రైల్లో గిటార్ సంచి భుజాన వేసుకుని దిగేవాళ్లూ ఉన్నారు. ఇప్పుడు షెడ్డులో ఒక మూల గిటార్ల కోసమే కట్టించుకున్నాను, కార్ల దుమ్ము అటు పోకుండా.

కార్ల పెయింటర్‌కు గిటార్‌తో ఏం పని అని కొందరు అడుగుతారు. ఈ రెండింటి చుట్టరికం పాతది. 1920ల్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే, త్వరగా ఆరే మెరుపు పూతను, అంటే నైట్రోసెల్యులోజ్ లాకర్‌ను కార్ల కోసం తెచ్చింది. అంతకుముందు ఒక కారుకు రంగులు వేసి ఆరబెట్టడానికే వారాలు పట్టేది. తర్వాత ఫెండర్ కంపెనీ తన ఎలక్ట్రిక్ గిటార్లకు కార్ల రంగులనే వేసింది. లేక్ ప్లాసిడ్ బ్లూ అనేది కాడిలాక్ కారు రంగు, ఫియెస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్ రంగు. మన నిర్మల్‌లో పొణికి చెక్క బొమ్మలకు చింతగింజల లప్పం పట్టించి, నున్నగా రుద్ది వేసే రంగులను కూడా డ్యూకో రంగులనే అంటారు. ఇక మేం నీళ్లలో తడిపి రుద్దే వాటర్ పేపర్ సంగతి. కార్ల షెడ్లలో లేచే దుమ్మును తగ్గించే కాగితంగానే దానికి పేరొచ్చింది. ఫ్రాన్సిస్ ఓకీ అనే ఆయన కనిపెడితే, త్రీఎం కంపెనీ 1921లో దాన్ని అమ్మకానికి పెట్టింది. అందుకే గిటార్ పనికి నేను కొత్త సామాను కొనాల్సిన అవసరం పెద్దగా రాలేదు. తేడా అంతా జాగ్రత్తలోనే ఉంది. కారు డోరు మీద పొరపాటు జరిగితే మళ్లీ స్ప్రే చేయవచ్చు. గిటార్ పై పలక మీద జరిగితే ఆ చెక్క రంగు, దాని శబ్దం రెండూ లెక్కలోకి వస్తాయి.

పూత పేరు తెలియాలని ఎందుకు అంటున్నానో చెప్పాలంటే ముందు పూతల తేడా చెప్పాలి.

నైట్రోసెల్యులోజ్ లాకర్, మా భాషలో ఎన్‌సీ, థిన్నర్ (పూతను పలుచన చేసే ద్రవం) ఆవిరైపోగా మిగిలే పొర. రెండో కోటు కొట్టినప్పుడు అందులోని థిన్నర్ కింది కోటును కొద్దిగా కరిగిస్తుంది. రెండూ కలిసి ఒకటే అవుతాయి. గిబ్సన్ గిటార్ల మీద, మార్టిన్ కంపెనీ పెద్ద మోడళ్ల మీద కనిపించేది ఇదే. పాలియురెథేన్ (పీయూ), పాలియెస్టర్ పూతలు అలా కావు. హార్డెనర్ కలిపాక రసాయన చర్య జరిగి గట్టిపడతాయి. ఒకసారి గట్టిపడ్డాక ఏ థిన్నరూ వాటిని మళ్లీ కరిగించలేదు. వాటి కోట్లు పొయ్యి పక్కన ఒకదాని మీద ఒకటి పేర్చిన జొన్నరొట్టెల్లా విడివిడిగానే ఉంటాయి. రుద్దుతూ రుద్దుతూ పై కోటు దాటి కింది కోటులోకి వెళ్తే, ఆ రెండింటి హద్దు వంకరటింకర గీతగా బయటపడుతుంది. దాన్ని ఎంత పాలిష్ చేసినా పోదు, పైన మళ్లీ కోటు కొట్టాల్సిందే. తక్కువ ధరలో దొరికే గిటార్లలో ఎక్కువ భాగం ఈ జాతివే. మందంగా, గట్టిగా ఉంటాయి, మోటు వాడకానికి తట్టుకుంటాయి. వాటిని నేను తక్కువ చేసి మాట్లాడను.

మూడోది లక్క, అంటే ఫ్రెంచ్ పాలిష్. లక్కను స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో రుద్ది రుద్ది ఎక్కించే పూత. నైలాన్ తీగలుండే మంచి క్లాసికల్ గిటార్ల మీద చేతిపనివాళ్లు ఇప్పటికీ ఇదే వేస్తారు. మన అడవుల్లో కనిపించే మోదుగ చెట్టు మీద కూడా ఆ లక్కనిచ్చే పురుగు బతుకుతుంది. ఈ పూత మహా పలుచన. ఇవి కాక మెరుపు లేని మ్యాట్, శాటిన్ పూతలు ఉన్నాయి. వాటి కథ వేరు, కింద చెబుతాను.

ఇప్పుడు పని గురించి. మెరుపు అంటే చాలామంది పైన ఏదో పూసేది అనుకుంటారు. మెరుపు పూయడం వల్ల రాదు, గీతలు తగ్గించడం వల్ల వస్తుంది. పూత మీద గరుకు ఉంటే వెలుగు తలో దిక్కుకూ చెదిరిపోయి మసకగా కనిపిస్తుంది. ఒక సైజు గీతల స్థానంలో అంతకన్నా సన్న గీతలు, వాటి స్థానంలో ఇంకా సన్నవి పెట్టుకుంటూ పోతే, చివరికి కంటికి ఆనని స్థాయికి చేరి అద్దంలా అయిపోతుంది. వాటర్ పేపర్ నంబర్లన్నీ అందుకే. పి800 కాగితం మీది రేణువు దాదాపు 22 మైక్రాన్లు, పి1200 మీద 15, పి2000 మీద 10. మంచి లాకర్ పూత మొత్తం మందం మిల్లీమీటరులో పదో వంతు, అంటే 100 మైక్రాన్ల చుట్టుపక్కలే. అందులో ఎంత తీయవచ్చో, ఎక్కడ ఆగాలో తెలియకుండా చేయి పెట్టడం ఎంత ప్రమాదమో ఈ అంకెలే చెబుతాయి.

కాగితం కొనేటప్పుడు వెనక పి అనే అక్షరం ఉందో లేదో చూడండి. అమెరికా లెక్కలో 600 అని ఉన్న కాగితం, యూరప్ లెక్కలో పి1200తో దాదాపు సమానం. రెండూ ఒకే నంబరు వరుస అనుకుని కలిపి వాడితే మధ్యలో గీతలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కాక తల పట్టుకోవాలి.

తీగలు, బటన్లు, పికప్‌లు (ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల శబ్దాన్ని పట్టే భాగాలు), విప్పగలిగినవన్నీ విప్పేస్తాను. స్క్రూ రంధ్రాల్లో మైనం పెడతాను. చాలామంది వదిలేసేది ఇదే. నీళ్లు ఆ రంధ్రంలోకి దిగితే లోపలి చెక్క ఉబ్బుతుంది, రంధ్రం చుట్టూ పూత పగులుతుంది. కాగితాన్ని ముందుగా నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు వేస్తే కాగితం పట్టకుండా జారుతుంది. రబ్బరు దిమ్మకు చుట్టి రుద్దాలి. ఉత్త వేళ్లతో రుద్దితే వేలి కింద గుంట, వేళ్ల మధ్య గట్టు మిగులుతాయి. ట్యూబ్‌లైట్ వెలుగు ఏటవాలుగా పడేచోట నిలబడి చూస్తే పల్లం ఉన్నచోట్ల పాత మెరుపు చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది, రుద్దిన చోటు మసకబారుతుంది. ఆ చుక్కలన్నీ పోయేదాకా మొదటి కాగితం దగ్గరే ఆగాలి. తొందరపడి తర్వాతి నంబరుకు పోయినవాడు చివర్లో మళ్లీ మొదటికే రావాలి.

నంబరు మార్చినప్పుడల్లా రుద్దే దిక్కు మారుస్తాను. పాత గీతలు అడ్డంగా ఉండి, కొత్తవి నిలువుగా పడితే ఏవి మిగిలాయో ఇట్టే తెలుస్తుంది. నంబరు మారినప్పుడు నీళ్లు కూడా మార్చాలి, గుడ్డ కూడా మార్చాలి. పాత కాగితం రేణువు ఒక్కటి కొత్త కాగితం కిందకు చేరినా పొడవాటి గీత గీసిపెడుతుంది. అది కాంపౌండ్ (రుద్ది గీతలు తీసే పేస్టు) పట్టించాకే బయటపడుతుంది. అంచుల దగ్గర దిమ్మ వాడను. కోటు కొట్టినప్పుడు పూత అంచు మీద సహజంగానే పలచబడుతుంది, దిమ్మ బరువు మాత్రం అక్కడే ఎక్కువ పడుతుంది. చెక్క బయటపడే ప్రమాదం ఎప్పుడూ అంచు మీదే. అక్కడ టేపు వేసి, మిగతా పని అయ్యాక టేపు తీసి, పి2000తో చేతి వేలి ఒత్తిడి తగలీ తగలకుండా నాలుగు సార్లు తుడిచినట్టు చేస్తాను.

ఆ తర్వాత రబ్బింగ్ కాంపౌండ్, దాని మీద సన్న పాలిష్. మెషిన్ వాడితే ఫోమ్ ప్యాడ్, తక్కువ స్పీడు, ఒకే చోట ఆగకూడదు. రాపిడికి వేడి పుడుతుంది. ఆ వేడి పాలియెస్టర్‌కు పెద్ద లెక్క కాదు. లాకర్‌కు మాత్రం చాలా లెక్క, మెత్తబడి ప్యాడ్‌తో పాటు లాగేసుకుపోతుంది. లక్క పూత మీద అయితే మెషిన్ ఊసే ఎత్తకూడదు. ఒకే పని, ఒకే మెషిన్, ఒకే చేయి. కింద ఉన్న పూతను బట్టి ఫలితం తలకిందులవుతుంది.

ఇప్పుడు నా ఫిర్యాదు చెబుతాను. ఒక కాలేజీ విద్యార్థి తాతగారి నాటి గిటార్ తెచ్చాడు. నా దగ్గరకు రాకముందే ఇంకోచోట మెషిన్‌తో మెరిపించారట. పై పలక అంచంతా తెల్ల చెక్క బయటపడి ఉంది, మధ్యలో పూత మెత్తబడి అలలు అలలుగా గడ్డకట్టింది. అది లాకర్. చేసినవాళ్లు గట్టి పూత అనుకుని చేశారు. ఆ పనివాడిని మాత్రమే నిందించి ఏం లాభం? అతనికి ఏ కాగితమూ చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. ఆ పిల్లవాడి ముఖం చూసి నాకు ఎంత బాధ అనిపించిందో రాయలేను. అంచులకు రంగు సరిచేసి, లాకర్ చుక్కలు చుక్కలుగా నింపి, వారాల పాటు ఆరనిచ్చి, మళ్లీ రుద్ది ఇచ్చాను. పాతబడి తేనె రంగు తిరిగిన అసలు పూతను మాత్రం తిరిగి తేలేను. పాత గిటార్ విలువలో పెద్ద భాగం ఆ పూతే.

ఇంకొకరి గిటార్ మెడ వెనక రెండు చోట్ల పూత జిగటగా కరిగి, నల్లటి మచ్చలు పడ్డాయి. గోడకు తగిలించే స్టాండు రబ్బరు తగిలేది సరిగ్గా అక్కడే. కొన్న దుకాణంలో అడిగితే "మీ చేతి చెమట" అన్నారట. చెమట కాదు. కొన్ని రకాల రబ్బరు, ప్లాస్టిక్ లాకర్‌కు తగిలి ఉంటే అందులోని మెత్తబరిచే పదార్థం పూతలోకి దిగి దాన్ని కరిగిస్తుంది. పాలియెస్టర్ పూతకు ఆ బాధ లేదు. కొన్నప్పుడే "ఇది లాకర్, స్టాండు మీద నూలు గుడ్డ చుట్టండి" అని ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. కరోనా రోజుల్లో శానిటైజర్ పూసుకున్న చేతులతో వాయించి లక్క పూతను పోగొట్టుకున్నవాళ్లు కూడా వచ్చారు. స్పిరిట్‌లో కరిగించి వేసిన పూత స్పిరిట్ తగిలితే కరగక ఏమవుతుంది?

మ్యాట్ గిటార్లది మరో రకం కష్టం. వాటిని కాంపౌండ్‌తో రుద్దితే మెరుపు వస్తుంది, కానీ రుద్దిన చోటే వస్తుంది, మచ్చలు మచ్చలుగా. ఆ మచ్చలు తీయాలంటే మొత్తం గిటార్‌ను మళ్లీ ఒకే తీరుకు తేవాలి. కారు డ్యాష్‌బోర్డుకు కొట్టే సిలికాన్ స్ప్రే గిటార్‌కు కొట్టేవాళ్లు కూడా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ సిలికాన్ పగుళ్లలోకి దిగితే, రేపు టచప్ చేసేటప్పుడు కొత్త కోటు దాని మీద నిలవదు, గుండ్రటి గుంటలుగా విడిపోతుంది. మా షెడ్లలో దాన్ని ఫిష్ ఐ అంటారు. దాన్ని వదిలించడం మాకు పెద్ద టెన్షన్.

పేరు రాసి లేనప్పుడు నేను చేసేది ఏమిటంటే, బయటకు కనపడని చోట పరీక్ష. దూది పుల్లకు స్పిరిట్ అద్ది తాకిస్తాను. జిగట తేలితే లక్క. లేకపోతే ఎన్‌సీ థిన్నర్ అద్దుతాను. మెత్తబడితే లాకర్, ఏమీ కాకపోతే గట్టి పూత. ఎలక్ట్రిక్ గిటార్‌లో పికప్ గుంట లోపలో, మెడ బిగించే చోటో దొరుకుతుంది. మామూలు గిటార్‌కు కనపడని చోటే తక్కువ, బెల్టు బటన్ విప్పితే దాని కింద పావలా అంత జాగా ఉంటే గొప్ప. పరీక్ష అంటేనే అక్కడ కొంచెం పాడుచేయడం. ఒక్క మాట రాసి ఉంటే ఆ చుక్క కూడా అక్కర్లేదు. ఇంట్లో ఎవరూ ఈ పరీక్ష చేయవద్దని నా మనవి, పై పలక మీద అయితే అస్సలు వద్దు.

వానాకాలంలో లాకర్ పని పట్టుకోను. గాలిలో తేమ ఉన్నప్పుడు కోటు కొడితే థిన్నర్ ఆవిరయ్యే చల్లదనానికి ఆ తేమ పూత మీద చేరి తెల్లగా పాలిపోతుంది. కార్తీకం దాటాక రమ్మంటాను. కొందరికి కోపం వస్తుంది, మరోచోటికి వెళ్తారు. అయినా ఆ మాటే చెబుతాను. కోటు కొట్టాక ఆరడానికి కూడా అంతే ఓపిక పట్టాలి. చేతికి అంటకపోయినంత మాత్రాన ఆరినట్టు కాదు. లోపలి థిన్నర్ వారాల పాటు బయటకు పోతూనే ఉంటుంది, పూత కుంగుతూనే ఉంటుంది. తొందరపడి రుద్ది మెరిపిస్తే నెల తిరిగేసరికి చెక్క నారలు మళ్లీ పైకి కనపడతాయి.

ఈ పని నేర్చుకుంటున్న కుర్రాళ్లకు పెద్దన్నగా ఒక మాట. పీయూ హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటి తుంపర పీలిస్తే ఉబ్బసం పట్టుకుంటుంది, ఒకసారి పట్టిందంటే ఆ తర్వాత కొంచెం వాసనకే ఊపిరాడదు. ముక్కుకు చేతిరుమాలు కట్టుకోవడం రక్షణ కాదు. సరైన మాస్కు, గాలి ఆడే జాగా లేకుండా స్ప్రే గన్ పట్టకండి. పొడిగా రుద్దకండి, తడిపి రుద్దండి. మా తరం పెయింటర్లలో దగ్గు లేనివాళ్లు తక్కువ.

ఇక నేను అడుగుతున్నది. ప్యాకేజీ వస్తువుల మీద ధర, తయారైన నెల, సంవత్సరం, తయారీదారు చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు ఉండాలని 2011 నిబంధనలు చెబుతున్నాయి. గిటార్ పెట్టె మీద అవన్నీ చూస్తున్నాం. వాటి పక్కన పూత పేరుకు ఒక్క గీత జాగా చాలు. చట్టం మారేదాకా ఆగాల్సిన పని కూడా లేదు. హన్మకొండ చౌరస్తాలో, వరంగల్‌లో, కరీంనగర్‌లో గిటార్లు అమ్మే సోదరులు బిల్లు మీద పెన్నుతో రాసినా చాలు. "మాకే తెలియదు, కంపెనీ చెప్పదు" అని కొందరు అంటున్నారు. కొన్ని కంపెనీలు తమ మోడళ్ల వివరాల్లో ఈ సంగతి రాస్తూనే ఉన్నాయి. రాయని కంపెనీని సరుకు తెప్పించుకునే డీలరే అడగాలి. ఇంట్లో ఒక్క గిటార్ కొనే తండ్రి అడిగితే ఎవరు జవాబిస్తారు? నెల నెలా సరుకు ఎత్తే డీలర్ అడిగితే ఇవ్వక తప్పదు.

తక్కువ ధర గిటార్‌కు ఇదంతా ఎందుకని మరొకరు అన్నారు. మా దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందికి ఆ తక్కువ ధర గిటారే ఇంట్లో అడిగి అడిగి సాధించుకున్నది. దాన్ని సరిగ్గా చూసుకునే హక్కు వాళ్లకూ ఉంది.

మీ పత్రికకు కూడా ఒక మనవి. మళ్లీ గిటార్ల గురించి రాసేటప్పుడు చెక్క, తీగలు, ధరలతో పాటు ఈ నాలుగు మాటలు వేయండి: లాకర్, పాలియెస్టర్ లేదా పీయూ, లక్క, మ్యాట్. కొనేవాళ్లు దుకాణంలో నిలబడి "ఇందులో ఇది ఏది?" అని అడగాలి. జవాబు బిల్లు మీద రాయించుకుని, ఆ బిల్లును గిటార్ సంచి జేబులోనే ఉంచుకోవాలి. రిపేరుకు ఎవరి దగ్గరకు వెళ్లినా ముందు ఆ కాగితం చూపించాలి.

ఇట్లు,
ఒక కార్ పెయింటర్,
కాజీపేట, హన్మకొండ జిల్లా